మొలతాడు దగ్గర ఆగిన చెయ్యి

"రోగిని పరీక్ష చెయ్యడం పూర్తయిందని ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది సింధూర. పెద్ద డాక్టరు పరాంకుశం గారి దగ్గర పీజీ చేస్తున్న పిల్ల. ఆ అడగడంలో వినయం ఎంత ఉందో, జవాబు తనకు ఎప్పుడో తెలుసన్న ధీమా కూడా అంతే ఉంది. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, నరాలు అంటూ తల నుంచి కాలి వరకు వరసగా చూడడంలో ఆ వార్డులో ఆమెకు సాటి లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

పరాంకుశం గారిది ఒక పద్ధతి. శిష్యులు పరీక్ష చేస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని మంచం పక్కన నిలబడతారు. నోరు విప్పరు. ఆ రోజు కూడా జవాబేమీ చెప్పకుండా ఎనిమిదో మంచం వైపు నడిచారు.

అక్కడ కాటమయ్య పడుకుని ఉన్నాడు. గొర్రెలు కాసుకునే మనిషి. కొండవార పొదల్లో మంద వెంట తిరుగుతూ జ్వరంతో మంచాన పడ్డాడు. తొమ్మిది రోజులైనా అది దిగలేదు. మలేరియా కాదు, డెంగీ కాదు, టైఫాయిడ్ కాదని రక్తపరీక్షలన్నీ చెప్పాయి గానీ, ఏమిటన్నది మాత్రం ఒక్కటీ చెప్పలేదు. పొద్దుటి నుంచి ఆయాసం మొదలైంది. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక చాలడం లేదు. మధ్యాహ్నం అంబులెన్సులో పట్నం పంపేయాలని అనుకున్నారు. అక్కడికి పోతే ఇక మనిషి తిరిగి రాడని అతని భార్య సుంకులమ్మకు మనసులో ఖాయమైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని అతని కాళ్ళ దగ్గర కూర్చుంది.

సింధూర మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కనురెప్ప కిందికి లాగి చూసింది. మెడ తడిమింది. వీపు మీద వేలితో తట్టి చప్పుడు విన్నది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి కాలేయం అంచును, ప్లీహం అంచును పట్టుకుంది. చూడముచ్చటగా చేసిందనే చెప్పాలి. ఆ చెయ్యి కిందికి దిగుతూ దిగుతూ, నడుముకున్న మొలతాడుకు బెత్తెడు దూరంలో ఆగి, ఒక్క గెంతున మోకాళ్ళ మీదికి పోయింది.

"అంతా చూశాను సార్. కాలేయం, ప్లీహం కాస్త పెరిగాయి. ఇంకేం లేదు."

గురువుగారు ఆమె వైపు చూడలేదు. రోగి మీదికి వంగి, "కాటమయ్యా, డాక్టరమ్మ చెయ్యి ఎక్కడ ఆగింది?" అన్నారు.

సింధూరకు తల కొట్టేసినట్టయింది. పరీక్ష చేసింది తను, మార్కులు వేసేది ఈ గొర్రెల కాపరా! కాటమయ్య కళ్ళు తెరవకుండానే గొణిగాడు.

"మొలతాడు కాడికొచ్చి ఆగిపాయ సామీ."

నిజమే. ఆ మొలతాడుకు కుడివైపున ఒక తాయెత్తు వేలాడుతోంది. తాయెత్తు ముట్టుకోకూడదని సింధూరకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. మన ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు అది ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. పైగా పరాయి మగవాడి మొల. మర్యాదా భయమూ కలిసి ఆమె చేతిని ఆమెకు తెలియకుండానే పక్కకు లాగేశాయి. ఇప్పుడు అటు చెయ్యి చాచిందో లేదో సుంకులమ్మ గభాల్న లేచింది.

"దాన్ని ముట్టద్దు పాపా! ఆయప్పను కాస్తా ఉండేది అదొక్కటే."

సింధూర ఒకసారి గురువుగారి వైపు చూసింది. ఆయన చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ఆమె గొంతు తగ్గించి, "నేను ముట్టనమ్మా, విప్పను కూడా. నువ్వే పైకెత్తి పట్టుకో. కింద చర్మం చూసి వదిలేస్తా" అంది.

సుంకులమ్మ మొగుడి మొహం చూసింది. ఈ పిల్ల మొహం చూసింది. రెండు వేళ్ళతో తాయెత్తును ఎత్తి పట్టుకుంది.

కింద మిరియం గింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి వలయం. సిగరెట్టుతో కాల్చినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఇంటివాళ్ళకే తెలియలేదు. పొదల్లో ఉండే నలుసంత పురుగు కుట్టిన చోటది. తొమ్మిది రోజులుగా దిగని జ్వరం ఒంట్లోకి దూరిన వాకిలి అదే.

"స్క్రబ్ టైఫస్!" అని సింధూర అరిచిన అరుపుకు వార్డులో సగం మంది లేచి కూర్చున్నారు. పది నిమిషాల్లో మందు నరంలోకి ఎక్కడం మొదలైంది. మధ్యాహ్నం వచ్చిన అంబులెన్సు ఖాళీగా వెనక్కి పోయింది. రెండో రోజుకు జ్వరం దిగింది. మూడో రోజు పొద్దున కాటమయ్య లేచి కూర్చుని, గంజి వద్దు, సంగటి కావాలని నర్సుతో తగువు పెట్టుకున్నాడు. ఆ తగువు వింటూ సింధూర గుమ్మంలోనే నిలబడిపోయింది. పరీక్షల్లో ఎన్నిసార్లు ఫస్టు వచ్చినా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

"నేను చెప్పలేదా? నా తాయెత్తు కాడనే దొరికె ఆ పాడు రోగం!" అని సుంకులమ్మ మంచం మంచానికీ తిరిగి చెప్పుకుంటోంది. సింధూర నవ్విందే గానీ కాదనలేదు.

గురువుగారు రాగానే ఆమె ఎదురు వెళ్ళింది. "సార్, మొన్న నేనడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు."

"నీ చెయ్యి ఎక్కడ ఆగుతుందో తెలిసిందిగా" అన్నారాయన, చేతులు వెనక్కి కట్టుకుంటూ. "పద, తొమ్మిదో మంచం చూద్దాం."