చేపల తరఫున వకాల్తా

రేవుగిరి సంస్థానాన్ని ఏలే విజయార్క మహారాజుకు ఒకనాడు గాలం మీద మనసు పోయింది. "వలేసి ఎవడైనా పడతాడు ప్రభూ. గాలానికి పండుగప్పను పట్టినవాడే మొనగాడు" అని ఎవరో ఓడ వర్తకుడు అన్నాట్ట. అంతే! మహారాజు వేట మానేశాడు, చదరంగం మానేశాడు. గాలం పట్టుకున్నాడు.

పండుగప్ప ఆషామాషీ చేప కాదు. పోటు నీటితోపాటు సముద్రంలోంచి గోదావరి పాయలోకి ఎదురెక్కి వస్తుంది. దానికి బలం ఎక్కువ, అనుమానం అంతకన్నా ఎక్కువ.

అందుకే ఆ రేవులో గాలం వేసే పల్లెకారులకు తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ముందొచ్చినవాడు ఎగువన మొదలుపెడతాడు. గాలం విసిరి, అది వాలుకు కొట్టుకొచ్చి ఒడ్డు చేరాక, ఒక అడుగు కిందికి జరుగుతాడు. తరవాత వచ్చినవాడు అతని వెనకే జరుగుతూ రావాలి తప్ప ముందుకెళ్ళి అడ్డం దూరకూడదు. నీళ్ళు తొక్కకూడదు. నీడ నీటిమీద పడనివ్వకూడదు. అరవకూడదు.

ఇది విని సంస్థానంలో మర్యాదల అధికారి వల్లభరాజు చెవులు మూసుకున్నాడు.

"ప్రభువులు పల్లెకారి వెనకాల నిలబడడమా! శివశివా!"

తెల్లారేసరికి కొత్త మర్యాదలు పుట్టుకొచ్చాయి. మహారాజు రేవు నడిమధ్య తివాచీ మీద నిలబడాలి. అక్కణ్ణుంచి కదలడం రాజలక్షణం కాదు. నెత్తిన ఎర్రపట్టు గొడుగు ఉండాలి. అటూ ఇటూ భటులు మోకాలి లోతు నీళ్ళలో కవాతు చెయ్యాలి. ప్రభువు గాలం ఎత్తితే భేరి మోగాలి. గాలం నీళ్ళలో పడితే అందరూ "జయీభవ!" అనాలి.

మహారాజు రోజూ వెళ్ళాడు. రోజూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. నీళ్ళ మీంచి కొట్టే ఎండకు ఆయన ముక్కు తోలూడింది గానీ ఎరను కొరికిన చేప లేదు. ఆస్థానంలో మాత్రం పొగడ్తలకు లోటు లేదు. "ఆ విసురు చూశారా!" అని ఒకరు, "ఆ దారం వంపులో ఇంద్రధనుస్సు కనబడింది" అని ఒకరు. చేప సంగతి ఎత్తినవాడు లేడు.

చివరికి మహారాజే సింహాసనం మీద గుద్ది అడిగాడు. "చేప ఎందుకు పడటం లేదు?"

వల్లభరాజు తడుముకోలేదు. "పల్లెకారుల పనే ప్రభూ. తమరి మీద అక్కసుతో చేపల్ని బెదరగొడుతున్నారు. ఆ పల్లె ఖాళీ చేయిస్తే సరి."

పల్లెపెద్ద నూకయ్యను పట్టుకొచ్చారు. "మేమేం చేశాం దొరా..." అంటుండగానే భటుడు అతని నోరు నొక్కేశాడు.

"రేపు పొద్దుగూకేలోగా పల్లె ఖాళీ కావాలి" అన్నాడు మహారాజు.

ఆస్థానంలో హాస్యోక్తులకు పేరుపడ్డ పోలినాయుడు ఇదంతా వింటున్నాడు. తప్పెవరిదో అతనికి తెలుసు. చెబితే తన తల పోతుంది. చెప్పకపోతే పల్లె మొత్తం పిల్లాజెల్లాతో వీధిన పడుతుంది. చేతులు జోడించి లేచాడు.

"ఆజ్ఞ బాగుంది ప్రభూ. అయితే ఇన్ని మర్యాదలు కనిపెట్టిన వల్లభరాజు గారికి సత్కారం జరగొద్దా? రేపు మధ్యాహ్నం మా ఇంట్లో వారికి విందు. తమరూ దయచెయ్యాలి. రేవులో జరిగే లాంఛనాలన్నీ వారికీ జరిపించడానికి సెలవివ్వండి."

"రాజలాంఛనాలా! నాకా!" వల్లభరాజు మీసం దానంతటదే పైకి లేచింది.

ముచ్చటపడి మహారాజు సరేనన్నాడు.

మర్నాడు పోలినాయుడి ఇంట అరిటాకు వేశారు. మినప గారెలు, నాటుకోడి పులుసు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. మహారాజు ఆస్థానంతో సహా వచ్చి ఎదురుగా ఆసీనుడయ్యాడు. తీర్పు మారుతుందేమోనని నూకయ్య గుమ్మం దగ్గర మూటతో నిలబడ్డాడు. వల్లభరాజు పట్టుబట్ట సవరించుకుని ఆకు ముందు కూర్చున్నాడు.

టప్పుమని గొడుగు విచ్చుకుంది. ఆకంతా చీకటైంది. భటులు తడికాళ్ళతో ఆకు చుట్టూ కవాతు మొదలెట్టారు. చెయ్యి పులుసులో పెట్టగానే "జయీభవ!" అని పెంకులు ఎగిరేలా కేకలు. ముద్ద ఎత్తగానే చెవి పక్కన భేరి ఢమఢమలాడింది. ముద్ద జారి ఒళ్ళో పడింది.

వల్లభరాజు గుటకలు మింగాడు. ఆకు పక్కకు లాక్కున్నాడు. గొడుగూ, భేరీ, భటులూ అతని వెంటే జరిగారు. ఎవరూ చూడకుండా ఒక గారె నోటి దాకా తెచ్చాడు. ఢమ్మంది. గారె ఎగిరి పెరుగులో పడింది.

ఇక ఆగలేక గావుకేక పెట్టాడు.

"ఏమిటయ్యా ఈ గోల! నెత్తిన గొడుగు, చెవిలో భేరి, చుట్టూ తొక్కుళ్ళు! ఇలాగైతే ఏ ప్రాణైనా నోరు తెరిచి తిండి ముట్టుకుంటుందా?"

భేరి ఆగింది. పోలినాయుడు మహారాజు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, చేపల తరఫున నేను చెప్పుకోవలసిన మాట అయ్యగారే చెప్పేశారు. నా వకాల్తా ముగిసింది."

మహారాజు గొడుగు వైపు చూశాడు, భేరి వైపు చూశాడు, పులుసులో తడిసిన వల్లభరాజు వైపు చూశాడు. ముందు పెదవి అదిరింది. ఆ వెనక పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు గనక ఆస్థానమంతా నవ్వింది. భేరివాడైతే భేరి మీదే వాలిపోయాడు.

"పల్లె ఎక్కడికీ కదలక్కర్లేదు. రేవులో రేపట్నుంచి పాత కట్టుబాటే, నాకైనా సరే" అని మహారాజు తన చేతి కంకణం తీసి పోలినాయుడికి తొడిగాడు.

గుమ్మం దగ్గర నూకయ్య మూట కిందపెట్టాడు. అతని నవ్వు అందరికన్నా ఆలస్యంగా మొదలై, అందరికన్నా ఆలస్యంగా ఆగింది.