పొయ్యి దాకా వెళ్ళిన బొమ్మ

స్పెయిన్‌లో ఒక పట్నం. అక్కడ చిత్రకారుడు డాన్ గాస్పర్ దగ్గర రంగులు నూరీ నూరీ పాస్క్వాల్‌కి మీసాలొచ్చాయి గానీ, కుంచె పట్టే యోగం రాలేదు. చివరికి దొంగచాటుగా, చేపలు వేయించే బెనితాను గీశాడు. గురువు చూడనే చూశాడు.

"దేవతలుండే చోట చేపలదా? దీన్ని పొయ్యిలో వేస్తా, నువ్వు వీధిలో పడు!" అంటూ గురువు బొమ్మను పొయ్యి దగ్గరికి పట్టుకెళ్ళాడు.

పాస్క్వాల్ ప్రాణం ఉసూరుమంది. ఇక బతుకంతా మూటలు మోయడమే. పోయేదేముందని నోరు విప్పాడు.

"అలాగే గురువుగారూ. కానీ మీరు చర్చిలో గీసిన మేరీమాతకు నమూనాగా కూర్చున్నదీ ఈ బెనితాయే కదా! నేను చేతిలో బిడ్డకు బదులు పెనం పెట్టానంతే. రోజూ తాను మొక్కే ముఖాన్ని తగలబెట్టిందెవరని బిషప్‌గారు అడిగితే ఎవరి పేరు చెప్పమంటారు?"

గురువు చెయ్యి పొయ్యి దగ్గరే ఆగిపోయింది. బొమ్మ గోడెక్కింది, ముఖం గోడవైపు తిప్పుకుని. పాస్క్వాల్ మళ్ళీ రంగులు నూరుతున్నాడు. గురువుగారు ఇంకో మేరీమాతను మొదలుపెట్టారు మరి, బెనితాను కూర్చోబెట్టుకుని.