చోడవరం అడిగిన ప్యాకెట్

ఉదయం ఎనిమిదైంది. హైమ మూడోసారి ప్రయత్నించింది. డేటాబేస్ తెరుచుకోలేదు.

తెల్లవారుతుండగా విశాఖపట్నం దగ్గర తుఫాను తీరం దాటింది. బ్లడ్ బ్యాంకు సంస్థ ఆఫీసు కింది అంతస్తులోకి నీళ్లొచ్చి సర్వర్ గది మునిగిపోయింది. పదకొండు ఊళ్లలోని రక్తం ప్యాకెట్ల వివరాలన్నీ అక్కడే ఉన్నాయి. ఏ ప్యాకెట్ ఎక్కడుంది, ఏ గ్రూపు, పరీక్షలో ఏం తేలింది, అన్నీ. ప్యాకెట్ మీద ఉండేవి నంబరూ గ్రూపూ మాత్రమే.

అయినా హైమ కంగారుపడలేదు. విశాఖ డిస్కుల్లో రాసిందల్లా అప్పటికప్పుడు కర్నూలు డిస్కుల్లోకి కాపీ అయ్యేది. ఆ ఏర్పాటు చేసింది ఆమే. కర్నూలు ఆఫీసులో కూర్చుని, "అక్కడ పోయినా ఇక్కడ ఉంటుంది మాస్టారూ, అరగంటలో తెరుస్తాను" అంది.

సుభానీ మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరై, ఈ సంస్థలో చేరారు. హైమకు పని నేర్పింది ఆయనే. ఆయన తలూపి పక్క కుర్చీలో కూర్చున్నారు. గంటన్నర గడిచింది.

తప్పెక్కడుందో చివరికి హైమే కనిపెట్టింది. డేటాబేస్ ఏ మార్పు చేసినా ముందు లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. చిట్టాలో లేని మార్పు పూర్తయిందో, సగంలో ఆగిందో చెప్పలేం. లాగ్ ఒక డిస్కులో, డేటా ఇంకో డిస్కులో. నీళ్లొచ్చినప్పుడు రెండు డిస్కుల కాపీలూ ఒకేసారి ఆగలేదు. లాగ్ 6:29కి ఆగింది. డేటా 6:40 దాకా వచ్చింది.

"పదకొండు నిమిషాల తేడా మాస్టారూ. లాగ్‌తో సరిచూడకుండా తెరవమంటే తెరుచుకుంటుంది. అలా తెరిచేయనా?"

"ఈ కాపీని ముట్టుకోకు. దీనికి ఇంకో కాపీ తీసి, దాని మీద తెరువు."

హైమ అలాగే చేసింది. తెరుచుకుంది. ప్యాకెట్లు వరసగా తెర మీదకొచ్చాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. మాస్టారు ఎత్తారు. చోడవరంలోని ప్రసూతి ఆసుపత్రి నుంచి నర్సు కరుణమ్మ. కాన్పయిన మనిషికి రక్తస్రావం ఆగడం లేదు. బి నెగటివ్ కావాలి.

"మా ఫ్రిజ్‌లోనే ఒక ప్యాకెట్ ఉంది సార్, నిన్న ఇక్కడే తీసింది. శాంపిల్ పరీక్షకి విశాఖ ల్యాబ్‌కి పంపాం. ఎక్కించొచ్చో లేదో మీరు చెప్పాలి."

హైమ అప్పటికే వెతికింది. "ఉంది మాస్టారూ! పరీక్షలో మంచిదని తేలింది. ఇదిగో."

మాస్టారు తెర వైపు వంగి, ఆ వరస చివర ఉన్న సమయం మీద వేలు పెట్టారు. 6:34. లాగ్ ఆగిపోయిన ఐదు నిమిషాలకి.

ఫోన్ ఆమె చేతికిచ్చారు. "నువ్వే చెప్పు."

"సిస్టర్..." అంది హైమ.

"చెప్పమ్మా, ఎక్కించమంటావా? డాక్టరుగారు నిలబడి ఉన్నారు."

హైమ తెర వైపు చూసింది. మంచిది అని ఉంది. పక్కనే 6:34 అనీ ఉంది. మాస్టారి వైపు తిరిగింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"అమ్మా, వినపడుతోందా?"

"వద్దు సిస్టర్. ఆ ప్యాకెట్ వాడకండి. పది నిమిషాల్లో నేనే ఫోన్ చేస్తాను."

ఫోన్ పెట్టేసి, తెరిచినదాన్ని మూసేసింది. డిస్కులన్నిటినీ ఒకే క్షణంలో ఆపి తీసిన కాపీ ఇంకొకటుంది. తెల్లవారుజామున నాలుగింటిది. అది తెరిస్తే రెండున్నర గంటల రాతలు పోతాయి. అందుకే ఇంతసేపూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు దాన్నే తెరిచింది. మొదటిసారికే తెరుచుకుంది.

అనకాపల్లిలో బి నెగటివ్ ఒకటుంది. మొన్ననే పరీక్ష అయింది. హైమ అక్కడికీ చోడవరానికీ తనే ఫోన్ చేసింది. దారిలో చెట్లు పడ్డాయి. అరగంటలో చేరాల్సిన ప్యాకెట్‌కు గంటా పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె ప్యాకెట్ తీసుకెళ్తున్న డ్రైవరుతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. మాస్టారు తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది.

పన్నెండింటికి కరుణమ్మ ఫోన్ చేసింది. "తల్లికి ఫర్వాలేదమ్మా."

మధ్యాహ్నానికి విశాఖ ల్యాబ్ వాళ్లు మేడ మీదికి మోసుకుపోయిన రిజిస్టరు దొరికింది. నాలుగింటి తర్వాత చేసిన పరీక్షలు నలభై మూడు. టెక్నీషియన్ ఒక్కొక్కటీ ఫోన్‌లో చదువుతుంటే హైమ డేటాబేస్‌లోకి ఎక్కించింది. ఇరవై తొమ్మిదోదాని దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

"ఆ నంబరు మళ్లీ చెప్పండి."

చెప్పాడు. చోడవరం ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్ అది. ఫలితం: మంచిది.

హైమ మిగతావి పూర్తి చేసి, ఫోన్ పెట్టేసి, మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, ఆ ప్యాకెట్ మంచిదే. అప్పుడే చెప్పి ఉంటే ఆవిడకి గంట కలిసొచ్చేది."

"మంచిదని నీకెప్పుడు తెలిసింది?"

హైమ గోడ గడియారం చూసింది. రెండు దాటి ఐదు నిమిషాలు.