గుమ్మాలకు పేర్లు పెట్టిన చుక్కమ్మ

ఎర్రవాగు అడవిలో ఒక పెద్ద మట్టిదిబ్బ ఉండేది. దాని లోపలి బొరియల్లో ఏదుపందులు, ముంగిసలు, పందికొక్కులు కలిసిమెలిసి కాపురం ఉండేవి. దిబ్బకు మూడు గుమ్మాలు. ఒకటి వాగు వైపు, ఒకటి బండ వైపు, ఒకటి ఈతచెట్ల వైపు.

రాత్రిళ్లు నక్కలు దూరకుండా గుమ్మాలను మట్టితో మూసేవారు. పొద్దున ముందు తెరిచింది ఆ రోజుకు మొదటి గుమ్మం. తర్వాత తెరిచింది రెండోది. అంటే రోజుకో పేరన్నమాట! కొత్తవాళ్లకు ఇదంతా నేర్పేది గంభీరయ్య అనే ఏదుపంది.

ఆ ఏడు చుక్కమ్మ అనే ముంగిస పసిపిల్లలతో అక్కడికి వచ్చింది. గంభీరయ్య పాఠం ఎంత విన్నా పిల్లలు రోజూ దారి తప్పేవారు. వాగు పొంగితే వీళ్ల గతేమిటని ఆ తల్లికి బెంగ పట్టుకుంది.

"అన్నా, గుమ్మం ఎటు ఉంటే ఆ పేరే పెడదాం. వాగు గుమ్మం, బండ గుమ్మం, ఈత గుమ్మం. ఎవరు ఎప్పుడు తెరిచినా పేరు మారదు" అంది.

గంభీరయ్య ముళ్లు విదిలించాడు. "భలేదానివే! అంత తేలికైపోతే ఇక నన్ను అడిగేదెవరు?"

చుక్కమ్మ వాదించలేదు. తన పిల్లలకు ఆ పేర్లతోనే దారి చెప్పి, ఒక్కొక్కరినీ ఒంటరిగా బండ గుమ్మానికి వెళ్లమంది. చిన్నది వెళ్లి వెళ్లి ఈతచెట్ల దగ్గర తేలి, బిక్కమొహం వేసింది.

"నీ తప్పు కాదే తల్లీ, నేను చెప్పడంలోనే ఏదో తక్కువైంది" అని చుక్కమ్మ బుజ్జగించింది. "దారి చీలిన చోట, నున్నటి రాయి తగిలే వైపు వెళ్లు" అని ఒక మాట చేర్చి మళ్లీ చెప్పింది. ఈసారి చిన్నది చక్కగా చేరుకుంది. అది చూసి ఇరుగుపొరుగు కూడా ఆ పేర్లు నేర్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన కురిసింది. వాగు ఒక్కసారిగా పొంగింది.

"బండ గుమ్మం! అందరూ బండ గుమ్మానికి రండి!" అని చుక్కమ్మ కేక పెట్టింది. నేర్చుకున్నవాళ్లంతా క్షేమంగా బండ ఎక్కారు. చుక్కమ్మ పిల్లలను పొదువుకుని ఊపిరి పీల్చుకుంది.

పొద్దున మొదటి గుమ్మం తెరవగానే మేతకు వెళ్లిన గంభీరయ్య అప్పుడే పరుగున వచ్చాడు. అతడి కూతురు ఇంకా లోపలే ఉంది. "అమ్మా, రెండో గుమ్మం నుంచి రా!" అని అరిచాడు. నిన్నటిలాగే బండ వైపుదే రెండోది అనుకున్నాడు. కానీ ఆ పొద్దున రెండోదిగా తెరిచింది వాగు వైపుది. తండ్రి పాఠం పొల్లుపోకుండా నేర్చిన పిల్ల కదా, పాపం, తిన్నగా అటే వెళ్లింది.

నీళ్లలోంచి ఏడుపు వినబడింది. ఆ రోజు రెండోది వాగు వైపుదేనని గంభీరయ్యకు అప్పుడు తెలిసింది. "రెండో గుమ్మం దగ్గర నా బిడ్డ! ఎవరైనా రండి!"

"రెండోదంటే ఏది?" అంటూ, ఆ లెక్క ఎప్పుడో మానేసిన వాళ్లందరూ అటూ ఇటూ చూశారు.

గంభీరయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత గొంతు చించుకున్నాడు. "వాగు గుమ్మం! నా చిట్టితల్లి వాగు గుమ్మంలో ఉంది!"

అందరూ అటు ఉరికారు. ఒకరినొకరు పట్టుకుని పిల్లను బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ, ముందుకాలు విరిగింది.

గంభీరయ్య ఆ కాలు నిమురుతూ భోరుమన్నాడు. "చుక్కమ్మా, నా బిడ్డను నీళ్లలోకి తోసింది నా పాఠమేనమ్మా."

నీతి: నలుగురికి దారి చెప్పేవాడు, కొత్తగా వచ్చినవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాలి.