మేడ మీది గదికి రాసుకున్న కాగితం

సిద్దిపేటలో రాజమౌళి లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కింది వాటా కిరాయికిచ్చేవాడు. రెండేళ్లలో మూడు కుటుంబాలు ఖాళీ చేసి పోయాయి. ఒకరు పోయినప్పుడల్లా అగ్రిమెంటులో ఇంకో రెండు షరతులు చేరేవి. ఇప్పుడున్న టీచరమ్మ స్వరూప కూడా, మంచాన పడ్డ తల్లిని తీసుకుని, నెలాఖరుకు వెళ్లిపోతానని చెప్పేసింది.

రాజమౌళి విసిగిపోయి గురువు దగ్గరికి నడిచాడు. అచల తత్వం బోధించే గురువు నర్సయ్య ఊరి చివర రేకుల గదిలో ఉండేవాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి.

ఎంత పకడ్బందీగా రాసుకున్నా ఎవరూ నిలవడం లేదని, మనుషులతో ఇక వేగలేనని రాజమౌళి చెప్పుకున్నాడు. ఇల్లు అమ్మేసి మీ కాళ్ల దగ్గర పడి ఉంటానన్నాడు.

గురువు అగ్రిమెంటు తెప్పించుకుని చివరిదాకా చదివాడు.

"మా రేకులు కురుస్తున్నయి. పది రోజులు నీ మేడ మీద గదిల ఉంట. ఇదే కాగితం నాకూ రాయి."

రాజమౌళి ఎంత వద్దన్నా వినలేదు. సంతకం పెట్టాకే మెట్లెక్కాడు.

గోడకు మేకు కొట్టరాదని షరతు. అందుకని గురువు తాడు కట్టుకోలేదు. తడిపిన పంచె ఒంటి మీదే ఆరబెట్టుకున్నాడు. మర్నాడు జనగామ నుంచి ఇద్దరు శిష్యులు వచ్చారు. అడగకుండా బయటివాళ్లను రానివ్వకూడదని ఇంకో షరతు, రాజమౌళి ఇంట్లో లేడు. గురువు మెల్లగా కిందికి దిగి, గేటు బయట ఎండలో వాళ్లతో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. రాజమౌళి వచ్చి చూసి, ఇదేం పని అని బతిమాలాడు. రాసుకున్నదే కదా అన్నాడు గురువు.

మూడో రోజు రాజమౌళి చల్ల తీసుకుని పైకి వెళ్లాడు. అలవాటుగా తన తాళంచెవితోనే తలుపు తీశాడు.

గురువు స్నానం ముగించి పంచె కట్టుకోబోతున్నాడు. ఉలిక్కిపడి గోడవైపు తిరిగాడు. తొందరలో పంచె కొస చేతికి అందలేదు.

"రా. ఇంటాయన ఎప్పుడైనా రావచ్చని కాగితంల ఉంది గద," అన్నాడు, తిరగకుండానే.

రాజమౌళి తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అయ్యా, అవి మీకోసం రాసినయి కాదు."

లోపల్నుంచి అలసిన గొంతు వినబడింది. "మరెవరి కోసం రాసినవ్?"

రాజమౌళి ఇలాగే తలుపు తీసుకుని కింది వాటా తనిఖీకి వెళ్లినప్పుడల్లా స్వరూప తల్లి ముఖం మీదికి దుప్పటి లాక్కునేది. నిద్ర అనుకునేవాడు.

రాజమౌళి కిందికి దిగాడు. స్వరూప బడికి వెళ్లింది. తలుపు ఓరగా తీసే ఉంది. చెప్పులు విప్పి, తలుపు మీద మెల్లగా తట్టి, బయటే నిలబడ్డాడు.

ముసలామె గొంతు పెగిలి "ఎవరు బిడ్డా" అనడానికి చాలాసేపు పట్టింది.