మెడ దాకా అందని దండ

భుజాల నొప్పి పోగొట్టే తైలం కనిపెట్టానని ఆస్థాన వైద్యుడు శరభాచారి సభలో ఊదరగొట్టాడు. ఆ తైలం రాయించుకున్న పాతికమంది బట్టలుతికేవాళ్లను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి భుజం దారంతో కొలిచి చూపించాడు.

"వాపు అంగుళం తగ్గింది ప్రభూ! అంటే నొప్పి పోయినట్టే."

"తీగ మీద బట్ట ఆరేయలేకపోతున్నామయ్యా," అంది వరసలో ఉన్న గవరమ్మ.

"దారం అబద్ధమాడుతుందా? నోర్మూసుకో!" అన్నాడు వైద్యుడు.

రాజు కూడా దారాన్నే నమ్మి, సన్మానానికి పూలదండ తెప్పించాడు.

గవరమ్మ దణ్ణం పెట్టింది. "బాగుపడింది మేమే కదా ప్రభూ. ఆ దండ మా చేతులతోనే వేయనివ్వండి."

శరభాచారి మురిసిపోయి నిటారుగా నిలబడ్డాడు. మొదటివాడి చేతులు అతని బొజ్జ దాకా లేచి ఆగిపోయాయి. రెండోవాడివి ఛాతీ దాకా వచ్చాయి. పాతికమందిలో ఒక్కరూ దండను మెడ దాకా ఎత్తలేకపోయారు. సన్మానం ఎక్కడ చేజారుతుందోనని చివరికి వైద్యుడే నడుం వంచి తల దించాడు.

"మందు మా చేతులు లేపాలి గాని, మీ తల దించితే ఎలాగయ్యా?" అంది గవరమ్మ.

సభంతా గొల్లుమంది. రాజు దండను వెనక్కి పంపేశాడు.

"గవరమ్మ తీగ మీద బట్టలు ఆరేసిన రోజున కొత్తది కట్టిద్దాంలే, ఆచారీ!"