కట్టిన మూటలో ఇంకొకటి

ఊరు కదులుతోంది. ఏటి అవతల కొత్త ఊరు కడుతున్నారు. ఇంటికొక మూట, అంతే. మూటలో ఉన్నదే అక్కడ ఉంటుంది, లేనిది ఉండదు. రాజుగారి మాట అది, దానికి తిరుగు లేదు.

మూటలు కట్టే ముసలివాడు రేవులో మర పెట్టుకుని కూర్చున్నాడు. గోడలు, గుమ్మాలు, పెరటి నీడ, వంటింటి పొగ, ఏది తెచ్చినా నొక్కి గుప్పెడు చేసేవాడు. అతని కిటుకు ఒకటే. మూటలో ఉన్నదే మళ్లీ వస్తే దానికి చోటివ్వడు, పాతదానికే ఒక ముడి వేస్తాడు. అక్కడ విప్పినప్పుడు ఆ ముడిని బట్టి పాతదే రెండోసారి వస్తుంది. ఒక అత్తగారి జీవితకాలపు సణుగుడు ఉసిరికాయంత అయిందంటే అందుకే. ఆవిడ నొచ్చుకుంది. కోడలు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

బట్టలకు రంగులద్దే ఆవిడ మూట అప్పటికే కట్టేశారు. పడవ ఎక్కబోతూ ఆమె గతుక్కుమంది. ఇన్నాళ్లూ దాచుకున్న పెద్దకూతురి నవ్వు అన్నిటికన్నా ముందు వేసింది. చిన్నకూతురి నవ్వు వేయడమే మరిచిపోయింది. పెద్దది జ్వరమొచ్చి పోయింది. తర్వాత పుట్టినదానికి దాని పేరే పెట్టుకున్నారు, దాని పరికిణీలే కట్టారు. ఇప్పుడు ఆ చిన్నది నవ్వు లేకుండా కొత్త ఊళ్లో ఎలా బతుకుతుంది? ఆమె పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

"తాతా, మూట విప్పు. ఒకటి కలపాలి."

"కట్టినదాంట్లో కలపాలంటే మళ్లీ మొదట్నుంచీ నొక్కాలమ్మా. ముందే చూసుకోవద్దూ?" విసుక్కుంటూనే అతను మూట విప్పాడు.

పిల్ల నవ్వింది. అతను ఆ నవ్వును మూటలో వేసి మర తిప్పాడు. మూట వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఒక ముడి వేసి ఊరుకున్నాడు.

"ముడి వేశావేంటి?"

"ఇది ముందే ఉందమ్మా."

"అది పెద్దదానిది! పేరు ఒకటైతే మనుషులు ఒకటా?"

"మర పేరు చూడదు, సరుకు చూస్తుంది. ఈ నవ్వు ఆ నవ్వే. ఎక్కడా తేడా లేదు. అక్కడ విప్పితే దీనికి వచ్చేది అక్క నవ్వే."

ఆమెకు ఒళ్లు మండింది. "అలా కాదే, నీలాగ నవ్వు," అని పిల్లను కసిరింది.

పిల్ల మళ్లీ అలాగే నవ్వింది. తల ఒక పక్కకు వాల్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గాజులు కదిలినంత చప్పుడు చేసి ఆపేసింది. ఈసారి తల్లి కళ్లప్పగించి చూసింది.

"ఇలా నవ్వితేనే కదా నువ్వు దగ్గరకి తీసుకుంటావు," అంది పిల్ల. "వేరేగా నవ్వితే, అక్క ఇలా నవ్వేది కాదే, అంటావు."

తల్లి, ఎంత పని చేశాను అనుకుంది. పిల్ల ముందు చతికిలబడి, "నీకెలా వస్తే అలా నవ్వు తల్లీ," అంది.

పిల్ల ప్రయత్నించింది. రాలేదు. అవతల పడవవాడు కేకలేస్తున్నాడు. పిల్ల మూతి వంకర తిరిగింది. ఒక్కసారిగా గొంతు చించుకుని ఏడ్చింది. పెద్దది అలా ఎప్పుడూ ఏడవలేదు. తల్లి ఊరుకోమనలేదు.

ముసలివాడు ఆ ఏడుపును మూటలో వేశాడు. మర కిర్రుమంది. మూట ఉబ్బింది, మూతి బిగియడం లేదు.

"ఇది కొత్తదే. కానీ చోటు లేదు. ఈ ఏడుపు కోసం ఏం తీసేయమంటావు?" అని పెద్దదాని నవ్వు వైపు చూశాడు.

ఆమె ఆ నవ్వు మీద చెయ్యి వేసింది. మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వీధి గోడ తీసెయ్."

"గోడ లేని ఇల్లేం ఇల్లమ్మా?"

"పడవ వెళ్లిపోతుంది, తియ్యి తాతా."

కొత్త ఊళ్లో ఆ ఇంటికి మూడు గోడలే. పిల్ల ఏడిస్తే వీధి వీధంతా వినబడేది. ఇరుగుపొరుగు విసిగిపోయి, అడ్డంగా కట్టుకోమని తడికలు తెచ్చిచ్చారు. ఆమె వాటిని పెరట్లో దడికి వాడుకుంది.

కొన్నాళ్లకు, బావి దగ్గర ఆడవాళ్లు చేదలు ఆపి తలలెత్తారు. ఆ ఇంట్లోంచి నవ్వు వినబడుతోంది. మోటుగా, గురక కలిసి, ఆగి ఆగి వస్తోంది. ఆ నవ్వు ఎవరిదో వాళ్లకు అంతుపట్టలేదు.

తల్లి చేటలో బియ్యం అలాగే వదిలేసి వీధిలోకి వచ్చింది.

"మా చిన్నదానిది," అంది.